భద్రాద్రి మన్యంలో కుటుంబ విహారం: అపోహలు – వాస్తవాలు

తూర్పు కనుమలను చీల్చుకుని గోదావరి మైదానానికి దిగే దారిలో, ఖమ్మం పొలాలకూ భద్రాచలం అడవులకూ నడుమ ఉన్న సరిహద్దు ప్రాంతం నాలుగైదు రోజుల కుటుంబ విహారానికి తెలుగువారు తరచుగా ఎంచుకునే ప్రాంతాలలో ఒకటి. భద్రాచలంలోని సీతారామచంద్రస్వామి ఆలయం, దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాల, పాల్వంచ సమీపంలోని కిన్నెరసాని జలాశయం, దిగువన పాపికొండలు, చింతూరు దాటిన తరువాత మారేడుమిల్లి ఘాట్ ఒకే యాత్రలో ఇమిడిపోయేలా కనిపించడమే అందుకు ముఖ్య కారణం. అయితే చూడదగిన స్థలాలను ముందు వరుసగా రాసుకుని, వాటి మధ్య దూరాలను కూడి రోజులను పంచే అలవాటు ఈ ప్రాంతంలో తరచుగా భంగపడుతుంది. ఏరు ఏ మట్టంలో ఉంది, అడవి ఏ ఋతువులో ఉంది, దారి ఏ రాష్ట్రంలోకి పోతుంది అన్న విషయాలు ముందు తేలితే తప్ప మిగిలిన లెక్కలు ఇక్కడ నిలవవు. బహుళ ప్రచారంలో ఉన్న అపోహలలో ఎక్కువ భాగం ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని మరచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ 1: పాపికొండల బోటు భద్రాచలం రేవులోనే ఎక్కవచ్చు.

వాస్తవం: భద్రాచలం పట్టణం తెలంగాణలో, గోదావరి ఎడమ గట్టున ఉండగా, పాపికొండలు దానికి చాలా దిగువన ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. భద్రాచలం నుంచి వెళ్ళేవారు రోడ్డు మార్గాన కూనవరం మీదుగా వరరామచంద్రాపురం మండలంలోని పోచవరం చేరి అక్కడ బోటు ఎక్కవలసి ఉంటుంది. రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చేవారికి దేవీపట్నం మండలంలోని గండిపోచమ్మ ఆలయం దగ్గర వేరే రేవు ఉంది. టికెట్లు భద్రాచలంలోనే అమ్ముడవుతుండడం వల్ల బోటు కూడా అక్కడిదేనన్న భ్రమ కలుగుతుంది. పోచవరానికి పోయిరావడానికి పట్టే సమయాన్ని బోటు ప్రయాణానికి కలిపితే ఒక పూర్తి పగలు గడిచిపోతుంది కనుక, ఆ రోజున ఆలయ దర్శనాన్నో పర్ణశాలనో చేర్చుకోవడం పిల్లలకూ వృద్ధులకూ భారమే అవుతుంది.

పోలవరం ముంపు ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని 2014లో పార్లమెంటు చేసిన సవరణ చట్టం ప్రకారం చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పూర్తిగానూ, భద్రాచలం, బూర్గంపహాడ్ మండలాలు పాక్షికంగానూ ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. భద్రాచలం పట్టణం తెలంగాణకు మిగిలినా, దానిని ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు పొరుగు రాష్ట్రంలో చేరినందువల్ల, తెలంగాణలోనే ఉన్న పర్ణశాలకు పోయే దారి కూడా కొంతమేర ఆంధ్రప్రదేశ్ గుండా సాగుతుంది. సొంత కారుకు దీనివల్ల చిక్కులేదు కానీ, అద్దె వాహనాలకు, వాటికున్న పర్మిట్‌ను బట్టి, పొరుగు రాష్ట్రపు పన్ను, తాత్కాలిక అనుమతి అవసరం కావచ్చు. వాహనం మాట్లాడుకునేటప్పుడే ఆ ఖర్చు ఎవరిదో తేల్చుకోవడం మంచిది. అంతకంటే ముఖ్యంగా, పాపికొండల బోట్లు నడపాలా ఆపాలా అన్న నిర్ణయం ఆంధ్రప్రదేశ్ అధికారులది కాబట్టి, తెలంగాణలోని పర్యాటక సమాచారం ఒక్కటే చూసుకుని బయలుదేరడం సరిపోదు.

అపోహ 2: రైలులో నేరుగా భద్రాచలం చేరవచ్చు.

వాస్తవం: రైల్వే పట్టికలలో కనిపించే భద్రాచలం రోడ్ స్టేషన్ కొత్తగూడెం పట్టణంలో ఉంది. అక్కడినుంచి భద్రాచలానికి సుమారు 40 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం ఉంటుంది. రాత్రి రైలులో తెల్లవారుజామున దిగే కుటుంబం ఆ చివరి అంచెకు బస్సునో కారునో ముందే చూసుకోవలసి ఉంటుంది.

అపోహ 3: కొండలు, అడవులు ఉన్నచోట వేసవి చల్లగా ఉంటుంది.

వాస్తవం: బడి సెలవులను బట్టి ఏప్రిల్, మే నెలలలో ఇక్కడికి బయలుదేరే కుటుంబాలను అన్నిటికంటే ఎక్కువగా నిరాశపరిచే అపోహ ఇదే. కొండ ప్రాంతాలలో చల్లదనానికి ప్రధాన కారణం ఎత్తు. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయకూ, రెండు వేల మీటర్లు దాటిన ఊటీకీ ఈ సూత్రం మేలు చేస్తుంది. సముద్రమట్టానికి సుమారు 50 మీటర్ల ఎత్తులోనే ఉన్న భద్రాచలానికి అది ఏమీ చేయలేదు. చుట్టూ కొండలున్నా మనుషులు తిరిగేది నదీలోయ అడుగున కావడం, ఎండకు కాగిన రాతినేల రాత్రి కూడా వేడిని వదులుతూ ఉండడం, కొత్తగూడెం పరిసరాలలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకడం ఇక్కడ సాధారణం.

అడవి స్వభావాన్ని కూడా దీనితో కలిపి చూడాలి. టేకు, నల్లమద్ది వంటి చెట్లు ఎక్కువగా ఉన్న ఈ అడవి ఆకురాల్చే అడవి, అంటే ఎండాకాలంలో నీటిని పొదుపు చేసుకోవడానికి చెట్లు ఆకులను విడిచిపెట్టే అడవి. ఛాయాచిత్రాలలో కనిపించే పచ్చదనం వానాకాలం చివరిదో చలికాలం మొదటిదో కాగా, వేసవి తొలినాళ్ళలో వచ్చినవారికి మోడువారిన కొమ్మలు, ఎండుటాకులు, అక్కడక్కడ కార్చిచ్చు మరకలు ఎదురవుతాయి. సెలవులు వేసవిలో తప్ప దొరకని కుటుంబానికి అరకు, పాడేరు వంటి ఎత్తైన ప్రాంతాలే తగినవి. భద్రాద్రి మన్యానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం.

అపోహ 4: వానాకాలంలో ఏరు నిండుగా, జలపాతాలు జోరుగా ఉంటాయి కాబట్టి అదే సరైన సమయం.

వాస్తవం: చూడడానికి అందమైన కాలం, తిరగడానికి అనువైన కాలం ఒకటి కావు. గోదావరి పరీవాహక ప్రాంతం, అంటే వాన నీరు పారి ఆ నదిలోకి చేరే భూభాగం, మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. ప్రాణహిత, ఇంద్రావతి భద్రాచలానికి ఎగువనే గోదావరిలో కలుస్తాయి కనుక, విదర్భలోనో బస్తర్‌లోనో కురిసిన వాన తరువాతి రోజులలో భద్రాచలం వద్ద వరదగా మారుతుంది. స్థానికంగా ఆకాశం నిర్మలంగా ఉన్నంతమాత్రాన నది శాంతంగా ఉన్నట్టు కాదు.

భద్రాచలం వద్ద నీటిమట్టాన్ని అడుగులలో కొలుస్తారు. అది 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి చేరితే రెండవది, 53కి చేరితే మూడవది జారీ అవుతాయి. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగులు ఇప్పటివరకు అత్యధికం. 2022 జులైలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరి, వంతెన మీద రాకపోకలు సైతం నిలిచిపోయాయి. మొదటి హెచ్చరికకు ముందే లోతట్టు రోడ్లు కొన్ని మునగడం మొదలవుతుంది కాబట్టి, జులై నుంచి సెప్టెంబరు వరకు ఈ అంకెలను రోజూ గమనించడం యాత్రికులకు అవసరం.

పాపికొండల వద్ద ఈ ప్రమాదం మరింత తీవ్రమవుతుంది. భద్రాచలం దగ్గర కిలోమీటరుకు మించిన వెడల్పుతో పారే నది, కూనవరం వద్ద శబరిని కూడా కలుపుకుని, కొండల నడుమ ఇరుకైన దారిలోకి ప్రవేశించినప్పుడు అంత నీరూ లోతుగా, వేగంగా, సుడులు తిరుగుతూ పోవలసి వస్తుంది. 2019 సెప్టెంబరు 15న వరద సమయంలో కచ్చులూరు వద్ద ఒక పర్యాటక బోటు మునిగి అనేకమంది ప్రాణాలు కోల్పోవడం ఈ స్థితిలోనే జరిగింది. ఆ దుర్ఘటన తరువాత నియంత్రణ కఠినమై, వరద పెరిగితే బోట్లు ఆపివేయడం ఆనవాయితీ అయింది. బోటు రద్దు కావడాన్ని యాత్ర చెడిపోవడంగా భావించి ప్రైవేటు పడవల కోసం వెదకడం ఎంతమాత్రం తగదు. అలాగే వాజేడు మండలంలోని బొగత జలపాతం వద్ద ప్రవాహం మితిమీరినప్పుడు అటవీ శాఖ సందర్శకులను ఆపుతుంది. వానలు తగ్గి, వాగులు ఇంకా పారుతూ ఉండే అక్టోబరు చివరి రోజులలో జలపాతపు అందం, ప్రయాణ భద్రత రెండూ కొంతవరకు కలిసివస్తాయి.

అపోహ 5: పటంలో నూరు కిలోమీటర్లంటే రెండు గంటల ప్రయాణం.

వాస్తవం: ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం మధ్య ఈ లెక్క కొంతవరకు చెల్లుతుంది కానీ, చింతూరు దాటి మారేడుమిల్లి వైపు ఘాట్ మొదలైన తరువాత చెల్లదు. వరుస మలుపులు, ఎదురుగా వచ్చే లారీలు, ఉదయం పూట పొగమంచు వేగాన్ని తగ్గిస్తాయి; మలుపుల వల్ల పిల్లలకు వాంతులు కావడం, వారికోసం మధ్యమధ్య ఆగవలసి రావడం కూడా లెక్కలో ఉండాలి. చీకటిపడిన తరువాత ఘాట్ దాటడం స్థానిక డ్రైవర్లే ఇష్టపడని పని. ఫోను సంకేతం చాలాచోట్ల అందదు కనుక దారి పటాన్ని ముందే ఫోనులో దించుకోవడం, భద్రాచలంలోనో చింతూరులోనో ఇంధనం నింపుకోవడం, కొంత నగదు దగ్గర ఉంచుకోవడం అవసరం.

అపోహ 6: మన్యంలో నీళ్ళు పడకనే జ్వరం వస్తుంది, నీళ్ళ సీసాలు తీసుకెళితే చాలు.

వాస్తవం: మన్యపు జ్వరానికి నీటిని నిందించడం తరతరాల అలవాటు. కలుషిత నీటివల్ల విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు వస్తాయి కాబట్టి శుద్ధమైన నీరు తప్పనిసరే. కానీ అడవి ప్రాంతాల జ్వరంగా పేరుపడిన మలేరియా అనాఫిలిస్ జాతి ఆడదోమ కాటువల్ల వస్తుంది. ఆ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని, అంటే మరొక ప్రాణి శరీరంపై ఆధారపడి బతికే సూక్ష్మజీవిని, రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులోనే కనుగొన్నాడు.

ఈ దోమ ప్రధానంగా సంధ్యవేళ నుంచి తెల్లవారే వరకు కుడుతుంది కనుక, విడిది ఎంపికలో దోమతెరకూ కిటికీ జాలీకీ ఇచ్చే ప్రాధాన్యం గది అలంకారానికి ఇచ్చేదానికంటే ఎక్కువగా ఉండాలి. కాటు వేసిన మరునాడే జ్వరం రాదు. పరాన్నజీవి కాలేయంలో పెరిగి రక్తంలోకి రావడానికి కనీసం వారం, తరచుగా పది పదిహేను రోజులు పడుతుంది. అందువల్ల ఇంటికి చేరిన తరువాత వచ్చిన జ్వరాన్ని ప్రయాణపు బడలికగా తీసిపారేయకుండా, మన్యానికి వెళ్ళివచ్చిన సంగతిని వైద్యుడికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవడం ముఖ్యం. మెదడును దెబ్బతీయగల ఫాల్సిపారం రకపు మలేరియా చిన్నపిల్లలకూ గర్భిణులకూ ప్రాణాంతకం కావచ్చు. దానికి పాత క్లోరోక్విన్ మాత్రలు పనిచేయకపోవచ్చు కాబట్టి సొంత వైద్యం ప్రమాదకరం.

అపోహ 7: నీరు నిలకడగా కనిపిస్తే దిగి స్నానం చేయవచ్చు.

వాస్తవం: పులులకు భయపడే పర్యాటకులు నీటికి భయపడకపోవడం ఇక్కడి వింత. కిన్నెరసాని జలాశయం 1977లో ప్రకటించిన అభయారణ్యంలో భాగం. అందులో మొసళ్ళు ఉన్నాయి. గోదావరిలో ఇసుక గట్టుకు ఆనుకునే హఠాత్తుగా గుంతలు ఉండవచ్చు, కొండవాగులలో ఎగువ వానకు నిమిషాలలో నీరు పెరగవచ్చు. అనుమతించిన స్నానఘట్టాలు తప్ప మిగిలిన చోట్ల నీటిలోకి దిగకపోవడమే క్షేమం.

అపోహ 8: పేరున్న యాత్రాస్థలం కాబట్టి ఎప్పుడు వెళ్ళినా గది దొరుకుతుంది.

వాస్తవం: ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు కిందకు వచ్చే గిరిజన ప్రాంతం, వాడుకలో దీనిని ఏజెన్సీ అంటారు. కోయలు, కొండరెడ్ల వంటి గిరిజనుల భూమి చేజారకుండా చేసిన 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో మరింత కట్టుదిట్టం చేశారు. ఒకటి బై డెబ్భై అని వాడుకలో ఉన్న ఆ సవరణ ప్రకారం ఏజెన్సీలోని స్థిరాస్తిని గిరిజనేతరులకు బదిలీ చేయడం చెల్లదు. బయటి పెట్టుబడితో పెద్ద రిసార్టులు వరుసగా వెలసే అవకాశం ఇక్కడ లేకపోవడానికి ఇదొక ప్రధాన కారణం. దీనిని వెనుకబాటుగా చూడడం పొరపాటు, ఎందుకంటే పర్యాటకులు వెతుక్కుంటూ వచ్చే అడవీ పల్లే ఈ మాత్రమైనా మిగలడంలో ఆ రక్షణకు వాటా ఉంది.

ఫలితంగా గదుల సంఖ్య పరిమితం: భద్రాచలంలో దేవస్థానం సత్రాలు, పర్యాటక శాఖ హోటల్, ప్రైవేటు లాడ్జీలు, మారేడుమిల్లి వైపు అటవీ శాఖ ఆధ్వర్యంలో స్థానిక గిరిజనులు నడిపే విడిదులు ప్రధానమైనవి. శ్రీరామనవమి కల్యాణానికీ, ముక్కోటి ఏకాదశి ఉత్తర ద్వార దర్శనానికీ వచ్చే జనంతో ఇవి నిండిపోతాయి. ముక్కోటి సరిగ్గా విహారానికి అనువైన చలికాలంలోనే వస్తుంది. ఉత్సవం చూడడమే ఉద్దేశమైతే వారాల ముందే గది ఖాయం చేసుకోవాలి, విహారమే ఉద్దేశమైతే ఆ తేదీలను తప్పించుకోవాలి. గ్రామాలలోకి వెళ్ళినప్పుడు అనుమతి అడగకుండా మనుషుల ఫొటోలు, ముఖ్యంగా ఆడవారివీ పిల్లలవీ, తీయడం అమర్యాద అని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ వాస్తవాలన్నీ కలిపి చూస్తే నాలుగు రోజుల యాత్రకు ఒక సహజమైన క్రమం ఏర్పడుతుంది. మొదటి రోజు కొత్తగూడెం మీదుగా భద్రాచలం చేరి సాయంత్రం దర్శనం, రెండవ రోజు పాపికొండలు, మూడవ రోజు పర్ణశాల, నాలుగవ రోజు తిరుగుదారిలో కిన్నెరసాని పెట్టుకుంటే, రెండవ రోజు బోటు ఆగినా పర్ణశాలను ముందుకు జరిపి మూడవ రోజున మరొకసారి ప్రయత్నించే వీలుంటుంది. పాపికొండలను చివరి రోజుకు దాచుకున్న కుటుంబానికి ఆ వెసులుబాటు ఉండదు. మారేడుమిల్లి కూడా చూడాలనుకునేవారు దానిని ఒక పగటి పర్యటనగా ఇరికించకుండా అక్కడ ఒక రాత్రి బసను చేర్చి యాత్రను ఐదు రోజులు చేసుకోవాలి, లేదా రాజమహేంద్రవరం మీదుగా తిరిగి వెళ్ళేలా మార్గాన్నే మార్చుకోవాలి.