డిజిటల్ సమాచారాన్ని దీర్ఘకాలం భద్రపరచడం: ఖర్చు ఎవరిది, ఎన్నాళ్లు?

పుస్తకాన్ని స్కాన్ చేయడానికయ్యే ఖర్చు ఒక్కసారి పెట్టేది. స్కాన్ చేసిన ఫైలును నిలుపుకోవడానికయ్యే ఖర్చు ఏటేటా పెట్టవలసినది. మొదటిది పెట్టుబడి వ్యయం, రెండవది పునరావృత వ్యయం. ఈ రెండింటికీ గల తేడాను గ్రహించడానికి హైదరాబాదులోనే మంచి ఉదాహరణ ఉంది.

2000 తరువాతి సంవత్సరాలలో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ పాత పుస్తకాలను స్కాన్ చేసే పెద్ద కేంద్రాలలో ఒకటి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాలను డిజిటల్ రూపంలో అందరికీ ఉచితంగా అందించాలని సంకల్పించారు. మన దేశంలో ఆ పని కేంద్ర ప్రభుత్వ నిధులతో, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సమన్వయంతో, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట సాగింది. ఎక్కడా దొరకని పాత తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో వెలుగు చూశాయి. 2017 నాటికి ఆ వెబ్‌సైటు పాఠకులకు అందకుండా పోయింది. కాపీరైటు చిక్కులు అందుకు ఒక కారణం. అయినా ఆ పుస్తకాలను మీరు ఈనాటికీ చదవగలరు. అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్షలేని సంస్థ ఆ సంచయంలో ఐదు లక్షలకు పైగా పుస్తకాల ప్రతులను తన దగ్గర ఉంచుకోవడమే ఇందుకు కారణం. అంటే ఈనాడు మన పుస్తకాల నిల్వ ఖర్చును ఎక్కడో ఎవరో ఇస్తున్న విరాళాలు కూడా భరిస్తున్నాయి.

నిల్వ ఖర్చు డిజిటల్ యుగంలో కొత్తగా పుట్టిందేమీ కాదు. తాటాకు గ్రంథాన్ని కూడా పురుగు తినకముందే, ఆకు పెళుసెక్కకముందే కొత్త ఆకుల మీదికి ఎత్తి రాయవలసి ఉండేది. 19వ శతాబ్ది తొలి భాగంలో సి.పి. బ్రౌన్ కడపలో లేఖకులకు సొంత డబ్బు జీతంగా ఇచ్చి తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఆయన చేసినదాన్ని నేటి పరిభాషలో చెప్పాలంటే డేటా మైగ్రేషన్. తేడా అల్లా వ్యవధిలో ఉంది. తాటాకు గ్రంథం అటక మీద ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్నా రెండు మూడు తరాలు నిలవగలదు. హార్డ్ డిస్కును సుమారు ఐదేళ్లకు మార్చుకోవాలి. అశ్రద్ధను కాగితమూ తాటాకూ కొంతకాలం ఓర్చుకుంటాయి, డిస్కు ఓర్చుకోదు.

డిస్కు బాగున్నంత మాత్రాన సమాచారం బతికి ఉన్నట్టు కాదు. 1990ల నుంచి తెలుగు డీటీపీ కేంద్రాలలో ఎక్కువగా వాడిన అను ఫాంట్లనే తీసుకోండి. వాటిలో టైపు చేసిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అక్షరాల బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి గాని, మార్చిన తరువాత ఒత్తులూ సంయుక్తాక్షరాలూ సరిగా వచ్చాయో లేదో మనిషి కూర్చుని చూడాలి. ఆ మనిషికి జీతం ఇవ్వాలి. నా సిద్ధాంత గ్రంథం టైపు ప్రతి ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉంది. దాని గణాంకాలు దాచిన ఫ్లాపీలు మాత్రం నా బీరువాలో ఒట్టి ప్లాస్టిక్ ముక్కలుగా మిగిలాయి.

ఇక లెక్కకు వద్దాం. ఒక గ్రంథాలయం తన డిజిటల్ సంచయాన్ని డిస్కులలో నిల్వ ఉంచడానికి ఈ ఏడాది 100 రూపాయలు వెచ్చిస్తున్నదనుకుందాం. ఈ ఖర్చు ఏటా 30 శాతం తగ్గుతూ పోతే వచ్చే ఏడాది 70, ఆపై ఏడాది 49 అవుతుంది. ఇది గుణశ్రేఢి. దాని అనంత మొత్తం 100ను 0.30తో భాగించగా వచ్చే 333 రూపాయలు. అంటే నేడు 333 రూపాయలు మూలధనంగా పక్కన పెడితే, వడ్డీ కలపకపోయినా, ఎల్లకాలానికీ సరిపోతుంది! కొన్ని దశాబ్దాలపాటు డిస్కుల ధరలు దాదాపు ఈ వేగంతోనే తగ్గాయి కాబట్టి, నిల్వ అనేది తేలిపోయిన సమస్య అని చాలామంది భావించారు. 2010 తరువాత ఆ తగ్గుదల నెమ్మదించింది. 2011లో థాయ్‌లాండ్ వరదలలో డిస్కుల కర్మాగారాలు మునిగినప్పుడు ధరలు తగ్గకపోగా పెరిగాయి. తగ్గుదల 10 శాతమే అయితే కావలసిన మూలధనం 1,000 రూపాయలు, 5 శాతమైతే 2,000. అంచనాలో చిన్న పొరపాటు నిధి పరిమాణాన్ని ఎన్ని రెట్లు మారుస్తుందో గమనించండి. పైగా ఇందులో విద్యుత్తు, జీతాలు లేవు. అవి ఏటా తగ్గేవి కావు. జీతాలు వడ్డీ రేటుతో సమానంగా పెరిగితే ఆ పద్దుకు ఎంత మూలధనమూ చాలదు.

మరి ఈ ఖర్చు ఎవరు పెట్టాలి? స్వేచ్ఛగా అందుబాటులో ఉన్న డిజిటల్ పుస్తకం ప్రజావస్తువు. ఒకరు చదివినందువల్ల మరొకరికి తరగదు, డబ్బు ఇవ్వనివారిని ఆపడమూ కుదరదు. కాబట్టి ఎవరికి వారు ఇంకొకరు భరిస్తారులే అని ఊరుకుంటారు. సాధారణ ప్రజావస్తువులకు లేని చిక్కు ఇక్కడ ఇంకొకటి ఉంది. ఎక్కువ మేలు పొందేవారు ఇంకా పుట్టలేదు. వారు మార్కెట్లో ధర చెల్లించలేరు, ఎన్నికల్లో ఓటు వేయలేరు. అమెరికాలో ఈ విషయం మీదే ఏర్పడిన బ్లూ రిబ్బన్ కార్యబృందం 2010 నాటి తుది నివేదికలో దీన్ని ప్రధానంగా ఆర్థిక సమస్యగానే చర్చించింది.

కాపీరైటు దీనికి మరో ముడి వేస్తుంది. మన 1957 చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి. ప్రచురణ సంస్థ మూతపడి, వారసులెవరో తెలియని పుస్తకానికి అనుమతి సంపాదించాలంటే, వారిని వెతకడానికయ్యే ఖర్చే పుస్తకం వెలను మించిపోతుంది. ఆర్థికవేత్తలు దీన్ని లావాదేవీ వ్యయం అంటారు.

హైదరాబాదులో నిల్వకు చోటు కరవా? కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి పెరుగుతూ వచ్చిన ఈ ప్రాంతంలో నేడు పెద్ద డేటా సెంటర్లు ఉన్నాయి. అమెజాన్ 2022 నవంబరులో తన క్లౌడ్ సేవల హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. అయితే క్లౌడ్‌లో చోటు అద్దె ఇంటి వంటిది. నెల నెలా బిల్లు కట్టినంతకాలమే అది మనది. మూడేళ్లకో ఐదేళ్లకో నిధులు మంజూరయ్యే ప్రాజెక్టు, గడువు తీరాక ఆ అద్దె ఏ పద్దు నుంచి కడుతుంది? మన డిజిటలీకరణ పథకాల ప్రతిపాదనలు చూసే అవకాశం వస్తే ఈ ఒక్క వరుస కోసం వెతకండి. నేను చూసినవాటిలో స్కానర్ల సంఖ్య, పేజీల లక్ష్యం తప్పక ఉండేవి. ఆరో ఏడాది ఖర్చు ఎప్పుడో గాని కనిపించలేదు.

అభ్యాసం: మీ ఊరి శాఖా గ్రంథాలయం 2,000 పుస్తకాలను స్కాన్ చేయించిందనుకోండి. మొదటి ఏడాది డిస్కుల ఖర్చు 5,000 రూపాయలు, అది ఏటా 20 శాతం తగ్గుతుంది. ప్రతులను సరిచూసే ఉద్యోగికి ఏడాదికి 12,000 రూపాయలు, అది తగ్గదు. బ్యాంకు వడ్డీ 6 శాతం. డిస్కులకు (వడ్డీ లెక్కించకుండా) ఎంత, ఉద్యోగి జీతానికి ఎంత మూలధనం కావాలో విడివిడిగా కట్టి చూడండి. జీతం ఏటా 6 శాతం పెరిగితే రెండవ జవాబు ఏమవుతుందో కూడా రాయండి.