తప్పిన పాస్ తరువాత

తాను చేసే పనిలో ఏ లోపమూ ఉండరాదని కోరుకోవడమే కాక, లోపం కనిపించిన ప్రతిసారీ తనను తాను కఠినంగా నిందించుకునే స్వభావాన్ని మనస్తత్వ శాస్త్రం పరిపూర్ణతావాదం అంటుంది. కెనడా పరిశోధకులు పాల్ హ్యూవిట్, గోర్డన్ ఫ్లెట్ 1991లో దీన్ని మూడు రకాలుగా విడదీశారు: తనకు తానే విధించుకునేది ఒకటి, ఎదుటివారి నుంచి ఆశించేది మరొకటి, తప్పు చేస్తే తల్లిదండ్రులో కోచ్‌లో చిన్నచూపు చూస్తారన్న నమ్మకం నుంచి పుట్టేది ఇంకొకటి. యువ క్రీడాకారుల్లో ఎక్కువ హానితో ముడిపడి కనిపించేది ఈ మూడోదే.

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్ ప్రాంతాలకు ఈ భయాన్ని ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకులనూ వాటి పక్కన ఫొటోలనూ చూస్తూ పెరిగే పిల్లలు, సాయంత్రం సరూర్‌నగర్ స్టేడియం వైపో, గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌ల వైపో బంతి పట్టుకుని వెళ్ళినా, మార్కుల లెక్క వారి వెంటే వెళుతుంది.

ఆట మీది తపన కూడా ఒకే రకానిది కాదని రాబర్ట్ వాలరాండ్ బృందం 2003లో ప్రతిపాదించింది. సామరస్య తపన ఉన్నవారు ఆటను ప్రాణంగా ప్రేమిస్తూనే గాయమైతే ఆగగలరు, చదువుకూ స్నేహాలకూ చోటివ్వగలరు. నిర్బంధ తపన ఉన్నవారికి ఆట మానడం చేతకాదు, ఎందుకంటే వారి ఆత్మగౌరవం ఆనాటి స్కోరుకు ముడిపడి ఉంటుంది. కెనడాలోని కెబెక్‌లో చలికాలం రోడ్లు గడ్డకట్టినా సైకిల్ తొక్కడం మానని వారిలో ఈ రెండో తపనే ఎక్కువగా కనిపించింది.

ఇటువంటి ఒత్తిడి దీర్ఘకాలం కొనసాగితే వచ్చే స్థితిని బర్నౌట్ అంటారు. అందులో శరీరమూ మనసూ అలసిపోతాయి, ఎంత ఆడినా సాధించిందేమీ లేదనిపిస్తుంది, చివరకు ఆటకే విలువ లేకుండా పోతుంది. ఇంగ్లండ్ క్లబ్‌ల జూనియర్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళపై ఆండ్రూ హిల్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనం, గెలుపోటములతో నిమిత్తం లేకుండా తనను తాను అంగీకరించుకునే గుణం లోపించడానికీ ఈ స్థితికీ సంబంధాన్ని గుర్తించింది. ప్రశ్నావళులతో చేసిన ఇలాంటి అధ్యయనాలు సంబంధాన్ని చూపుతాయే తప్ప కారణాన్ని నిరూపించలేవు.

ఈ సిద్ధాంతాలేవీ పుట్టకముందే హైదరాబాద్‌లో ఈ ఒత్తిడికి ఆచరణలో ఒక సమాధానం ఉండేది. ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చి, 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం, డ్రిబ్లింగ్‌ను నిషేధించిన పోటీలనూ, అలవాటు లేని కాలితోనే ఆడవలసిన పోటీలనూ నడిపాడు. అందరూ తడబడే ఆటలో తడబాటు అవమానం కాదు. అక్కడ పిల్లవాడు పరువు గురించి కాక పాస్ గురించి ఆలోచించగలుగుతాడు. రహీం శిక్షణలోని భారత జట్టు 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1–10 తేడాతో ఓడి, 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానానికి చేరింది. 1962 జకార్తా ఆసియా క్రీడల తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడి, ఫైనల్లో అదే జట్టును 2–1తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఈ విజయాలకు కారణాలు అనేకం కావచ్చు గాని, ఓటమిని తీర్పుగా కాక సమాచారంగా చూసే అలవాటు లేకుండా ఆ ఫైనల్ సాధ్యమయ్యేదని అనుకోవడం కష్టం.

అలవాటు లేని కాలితో ఆడే పోటీని ఎల్‌బీనగర్ టర్ఫ్ మీద పెట్టడానికి అదనంగా ఖర్చేమీ కాదు. గీత అవతల నిలబడి గోల్స్ లెక్కపెట్టే పెద్దలు మాత్రం ఒప్పుకోవాలి.