సిక్కోలు దారుల్లో పెద్దకారు

కొన్న రోజున కొత్త కారుని ఊరంతా చూస్తుంది. ఆర్నెల్లు పోయాక యజమాని ఒక్కడే దాన్ని చూస్తుంటాడు... చేతిలో బిల్లులు పట్టుకుని! అరకోటి పోసి కొన్న లగ్జరీ క్రాస్‌ఓవర్‌తో శ్రీకాకుళం లాంటి జిల్లాలో కాపురం ఎలా ఉంటుంది? షోరూంవాళ్లు చెప్పని సంగతులేంటి?

ఒకప్పుడు సిక్కోలులో పెద్దకారంటే అంబాసిడరే. పెళ్లికైనా, పుష్కరాలకైనా, ఎన్నికల ప్రచారానికైనా అదే. 2002లో స్కార్పియో, 2005లో ఇన్నోవా వచ్చాక ఆ హోదా వాటికి వెళ్లింది. ఇప్పుడు టెక్కలి గ్రానైటు వ్యాపారుల ఇళ్లముందూ, పలాస జీడిపప్పు మిల్లుల దగ్గరా, పట్టణంలో డాక్టర్ల క్లినిక్‌ల పక్కనా బీఎండబ్ల్యూ ఎక్స్1, మెర్సిడెస్ జీఎల్ఏ, ఆడీ క్యూ3 లాంటివి అక్కడక్కడా కనిపిస్తున్నాయి. చూడ్డానికి జీపులా ఎత్తుగా ఉంటాయి. లోపల కూర్చుంటే మెత్తటి కారు. ఆ రెంటికీ మధ్య రకమే క్రాస్‌ఓవర్!

జీపు, స్కార్పియో లాంటివాటికి అడుగున నిచ్చెనలాంటి ఇనుప ఛాసిస్ ఉంటుంది. దానిమీద బాడీని కూర్చోబెడతారు. బరువు మోస్తాయి, గోతుల్ని లెక్కచేయవు, కానీ లోపలున్నవాళ్లని కుదిపేస్తాయి. క్రాస్‌ఓవర్‌కి విడిగా ఛాసిస్ ఉండదు. కారుకున్నట్టే బాడీ అంతా ఒకటే పెట్టె. అందుకే కుదుపు తక్కువ, మలుపుల్లో ఊగిసలాట తక్కువ. 1994లో టయోటా రావ్4 ఈ దారి చూపిస్తే, దానికి విలాసం జోడించింది మాత్రం లెక్సస్ ఆర్ఎక్స్. 1998లో అమెరికాలో అడుగుపెట్టిన ఆ బండి వెనకే 1999లో బీఎండబ్ల్యూ ఎక్స్5 వచ్చింది. తర్వాత పెద్ద కంపెనీలన్నీ అదే బాట పట్టాయి.

మరి ఆ బండి మన దారిలో..?

బిల్లులో ఎవరి వాటా ఎంత?

ఉదాహరణకి ఎక్స్‌షోరూం ధర 50 లక్షలున్న బండిని తీసుకోండి. పెద్ద ఇంజినున్న ఎస్‌యూవీలకి 2025 సెప్టెంబరు దాకా జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం ఉండేది. సెప్టెంబరు 22 నుంచి సెస్సు ఎత్తేసి పన్నుని 40 శాతం చేశారు. తగ్గిందని సంబరపడ్డా, ఆ 50 లక్షల్లో 14 లక్షల పైచిలుకు జీఎస్టీయే. ఆపైన రాష్ట్రానికి కట్టే లైఫ్‌ట్యాక్స్ ఒకటుంది. ఇరవై లక్షలు దాటిన కార్లకి 2022లో పెట్టిన శ్లాబు ప్రకారం చూస్తే 18 శాతం, అంటే 9 లక్షలు! బీమా అదనం. బండి వీధిలోకి వచ్చేసరికి అరవై లక్షలు దాటడం ఖాయం.

అందులో 40 లక్షలు అప్పు చేశారనుకుందాం. 9 శాతం వడ్డీకి ఏడేళ్ల గడువు పెట్టుకుంటే నెలకి 64 వేల పైన కిస్తీ. మొత్తం తీరేసరికి వడ్డీయే 14 లక్షలు. ఆ సొమ్ముతో ఇంకో మంచి కారు వస్తుంది!

మొదటి నెల మురిపెం

పలాస-కాశీబుగ్గ దగ్గర జీడిపిక్కల వ్యాపారం చేసుకునే ఓ కుటుంబం ఇలాంటి బండే కొంది. అరసవల్లి తీసుకెళ్లి పూజ చేయించారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. మొదటి నెలంతా పండగే. మేనల్లుళ్లు, మేనకోడళ్లు పైకప్పు అద్దం తెరిచి తలలు బయటపెట్టి ఫొటోలు దిగారు. అన్నట్టు, అలా తల బయటపెట్టి ప్రయాణించడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే. హఠాత్తుగా బ్రేకు పడితే ఆపేందుకు సీటుబెల్టు ఉండదు.

ఆ ఇంట్లో ముందుగా చేసిన మార్పేంటో తెలుసా? బండి పెట్టే చోటు! ఉద్దానంలో ఇంటి పెరడంటే కొబ్బరి చెట్లే. ఇన్నాళ్లూ పాత కారు వాటి నీడనే ఉండేది. ఇప్పుడు నెత్తిమీద ఇంత పొడవు అద్దం పెట్టుకున్న బండిని అక్కడ ఉంచడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఒక్క కాయ రాలితే చాలు కదా! ఎండలో పెడితే లోపల కొలిమి. చివరికి రేకుల షెడ్డు వేయించారు. షెడ్డు పక్కనే బస్తాలుండటంతో ఎలుకలు చేరాయి. బానెట్ కింద వైర్లు కొరకడం వాటికి సరదా. రాత్రిపూట బానెట్ తెరిచిపెట్టి లైటు వేసి ఉంచడం ఇంట్లో కొత్త డ్యూటీ అయింది.

వీధి ఇరుకు... బండి విశాలం

ఈ తరగతి కార్ల పొడవు దాదాపు నాలుగున్నర మీటర్లు. పాత అంబాసిడరూ నాలుగు మీటర్ల పైనే ఉండేది కాబట్టి పొడవు పెద్ద సమస్య కాదు. అసలు చిక్కంతా వెడల్పుతోనే. అద్దాలు విప్పితే రెండు మీటర్లు! శ్రీకాకుళంలో జీటీ రోడ్డు మీదో, ఏడు రోడ్ల కూడలిలోనో సాయంత్రంపూట ఆటోల మధ్య ఇరుక్కుంటే నాలుగువైపులా సెన్సర్లు ఒకటే కూత. రథసప్తమినాడు అరసవల్లి వైపు వెళ్లాలంటే చెప్పనే అక్కర్లేదు. అందుకే చాలా ఇళ్లలో చివరికి జరిగేది ఒకటే. ఊళ్లో పనులకి పాత ఆల్టో, హైవేకి కొత్త బండి.

హైవే ఎక్కాక మాత్రం కథ మారిపోతుంది. ఇచ్ఛాపురం నుంచి విశాఖ వరకు పదహారో నంబరు జాతీయరహదారి మీద బండి ఎంత వేగంలో ఉందో లోపలున్నవాళ్లకి తెలియదు. మడపాం టోల్‌గేటు దాటి కాసేపు కునుకు తీస్తే నాతవలస టోల్‌గేటు వచ్చేస్తుంది. సుఖమంతా అక్కడే. ప్రమాదమూ అక్కడే! వేగం తెలియకపోవడం వల్లే స్పీడుగన్ చలాన్లు ఇంటికొస్తుంటాయి.

గెడ్డ పొంగితే..?

ఎత్తుగా ఉంది కదా, నీళ్లలో దూకించేయొచ్చు అనుకుంటారు కొత్త యజమానులు. ఉత్తరాంధ్రలో వానాకాలమంటే వంశధార, నాగావళి ఒక్కటే కాదు, పల్లెకో గెడ్డ ఉంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. దారులు తెగిపోయాయి. అలాంటప్పుడు ఎత్తు ఒక్కటే కాపాడదు.

ఇంజిన్ గాలి పీల్చే గొట్టం నీటిమట్టం కంటే కిందికి వచ్చిందంటే నీళ్లు సిలిండర్లోకి చేరతాయి. గాలి నలుగుతుంది కానీ నీళ్లు నలగవు కదా. పిస్టన్ పైకి రాలేదు, దాన్ని తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేయబోయారంటే బిల్లు లక్షల్లోకి వెళ్తుంది. మామూలు బీమాలో ఈ నష్టానికి సాధారణంగా పరిహారం రాదు. ‘ఇంజిన్ ప్రొటెక్షన్’ అనే అదనపు రక్షణ తీసుకుని ఉండాలి. తీసుకున్నా, నీళ్లలో ఆగాక తాళం ముట్టుకోకుండా బండిని లాగించుకుపోవడమే తెలివి.

స్టెపినీ ఏదీ?

ఈ కుటుంబానికి మూడోనెలలో మందస వైపు మేకు గుచ్చుకుంది. పంక్చరు షాపతను డిక్కీ కింద వెతికి వెతికి నోరెళ్లబెట్టాడు. ‘ఏటి బావూ, ఇన్ని డబ్బులు పోసి కొన్న బండికి స్టెపినీ లేదేటి?’

అతని ఆశ్చర్యంలో తప్పులేదు. టైర్లలో గాలి ఎంతుందో చెప్పే పరికరం, మరమ్మతు కిట్ ఉంటే స్టెపినీ లేకపోయినా ఫర్వాలేదంటూ 2020లో కేంద్రం నిబంధనలు సడలించింది. కొన్ని ఖరీదైన కార్లకి గాలి పోయినా నడిచే ‘రన్‌ఫ్లాట్’ టైర్లుంటాయి. మామూలుగా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా 80 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చు. బాగానే ఉంది కానీ, వీటి పక్కగోడలు గట్టిగా ఉండటంవల్ల గతుకుల్లో కుదుపు ఎక్కువ. పక్కన చీలితే అతుకు వేయడం కుదరదు. కొత్తది ఊళ్లో దొరకదు. విశాఖకి ఫోన్ చేసి తెప్పించుకోవాల్సిందే.

టైరుకే కాదు, ఆయిల్ మార్చాలన్నా అంతే. శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు, పలాస నుంచైతే 180 పైమాటే. సర్వీసుకి ఒక రోజు పోతుంది. విడిభాగం లేదంటే ఇంకోసారి తిరగాలి.

డీజిలు బండి కొన్నవాళ్లకి ఇంకో పాఠం ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 అమల్లోకి వచ్చాక డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు తప్పనిసరైంది. ఆ మసి తగలబడాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టాలి. రోజూ ఇంటినుంచి మిల్లుకి, మిల్లునుంచి బజారుకి రెండేసి కిలోమీటర్లు తిప్పితే ఆ వేడి రాదు. హెచ్చరిక దీపం వెలుగుతుంది. అప్పుడప్పుడూ హైవేమీద ఓ అరగంట ఆగకుండా నడపడమే దానికి మందు.

తెలివైన కారు... తికమక దారి

ముందు వాహనాన్ని పసిగట్టి బ్రేకు వేయడం, గీత దాటితే స్టీరింగ్‌ని సర్దడం... ఇవన్నీ కొత్త కార్లకున్న తెలివితేటలు. గీతలు చక్కగా ఉన్న హైవేమీద నిజంగానే ఉపయోగం. ఊరిదారిలోకి దిగితేనే తికమక. గీతలే లేవాయె! డిసెంబరులో కోతలయ్యాక సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చుతారు. పక్కకి తప్పిద్దామంటే ఎదురుగా బైకు. కెమెరాకి, రాడార్‌కి ఈ లెక్క అంతుపట్టక ఉన్నట్టుండి బ్రేకు పడిందంటే వెనకొచ్చే ఆటో డిక్కీలోకి దూరినట్టే. వెనక దీపంలేని ట్రాక్టరు ట్రక్కుని రాత్రిపూట ఆ యంత్రం కచ్చితంగా చూస్తుందనే భరోసా కూడా లేదు. నడిపేవాడి కళ్లే దిక్కు!

ఎవరి కోసం కొన్నట్టు?

ఈ ఇంట్లో కారు కొనడానికి పైకి చెప్పిన కారణం హోదా కాదు... అమ్మ. ఉద్దానంలో చాలా ఇళ్లలో ఉన్నట్టే ఇక్కడా కిడ్నీ జబ్బు ఉంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అయినా అలవాటైన డాక్టరు విశాఖలో ఉండటంతో నెలకోసారి ఆమెను అక్కడికి తీసుకెళ్తారు. పాత కారులో కూర్చోవాలంటే నడుం వంచి కిందికి దిగాలి. జీపులాంటిదైతే కాలెత్తి ఎక్కాలి. క్రాస్‌ఓవర్ సీటు ఆమె నడుం ఎత్తులోనే ఉంటుంది. వంగకుండా, ఎక్కకుండా పక్కకి జరిగి కూర్చోవచ్చు. తిరుగు ప్రయాణంలో ఆమె హాయిగా నిద్రపోతుంది. కొడుక్కి ఆ నిద్ర చాలు.

ఎనిమిదో నెలలో వ్యాపారం మందగించింది. కిస్తీ బరువైంది. కోడలు కాగితంమీద లెక్క రాసింది. నెలకోసారి విశాఖకి మంచి ట్యాక్సీ మాట్లాడుకుంటే కొన్నివేలతో పోతుంది, కిస్తీ మాత్రం 64 వేలు. కాదనడానికి ఆయన దగ్గర జవాబు లేదు. అమ్మడానికి బేరం పెడితే వచ్చిన ధర విని గుండె జారింది. బీమా కంపెనీల లెక్కలోనే ఆర్నెల్లు దాటిన కారు విలువ 15 శాతం, రెండో ఏట 20 శాతం, మూడో ఏట 30 శాతం తగ్గుతుంది. ఆ లెక్కలో కట్టిన లైఫ్‌ట్యాక్స్ కలవదు. కొనేవాడు అంతకన్నా కిందికే లాగుతాడు.

‘నా కోసమని ఉంచకు నాయినా, అమ్మీ. ముందు బస్సులో ఎల్లలేదేటి నాను?’ అందా తల్లి. కొడుకు అమ్మలేదు. ఊరి చివర కొనిపెట్టుకున్న స్థలం అమ్మి అప్పు సగానికి దించాడు. అది మంచి నిర్ణయమేనా అంటే ఇంట్లో ఇప్పటికీ రెండు మాటలున్నాయి. కోడలు తాను రాసిన లెక్క కాగితాన్ని బీరువాలో దాచే ఉంచింది!

కొనేముందు...

* ధర కాదు, రోడ్డెక్కేసరికి అయ్యే మొత్తం రాసుకోండి. దానికి కిస్తీ, బీమా, టైర్లు, రెండేళ్ల సర్వీసు కలపండి.

* రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో చూసుకోండి. ఊళ్లో చిన్నచిన్న దూరాలే అయితే డీజిలు వద్దు.

* స్టెపినీ ఉందా, ఉంటే పూర్తి సైజుదా, సన్నదా అన్నది డిక్కీ ఎత్తించి చూడండి. సన్న చక్రంతో గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు.

* బీమాలో ఇంజిన్ ప్రొటెక్షన్‌తోపాటు ‘జీరో డిప్రిసియేషన్’ అడగండి. అది లేకపోతే రబ్బరు, ప్లాస్టిక్ భాగాల ఖరీదులో సగం మీరే భరించాలి.

* సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లు వారానికోసారి బండి అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగించండి. ఉప్పుగాలికి లగ్జరీ అన్న మర్యాద లేదు.

* ఇంట్లో పెద్దవాళ్లుంటే షోరూంకి వాళ్లనీ తీసుకెళ్లండి. రెండుసార్లు ఎక్కించి, దించి చూడండి. సంతకం ఆ తర్వాతే.