కొండ లోపల బాక్సైట్, కొండ మీద కాఫీ

ప్యారిస్‌లోని మారే ప్రాంతంలో 2017లో ఒక కాఫీ దుకాణం తెరిచారు. పేరు ‘అరకు’. అక్కడ అమ్మే కాఫీ మన తూర్పు కనుమల్లో, సిల్వర్ ఓక్ చెట్ల నీడన పండింది. పండించింది ఎకరమో రెండెకరాలో ఉన్న ఆదివాసీ రైతులు. నాంది ఫౌండేషన్ అండతో 2007లో వాళ్లు సహకార సంఘంగా ఏర్పడ్డారు.

విచిత్రమేమిటంటే, అదే 2007లో ఒక విదేశీ పెట్టుబడి కన్ను ఈ కొండల మీద పడింది. జెర్రెల కొండల బాక్సైట్ కోసం రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లోని రస్ అల్ ఖైమాతో ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందం కింద మాకవరపాలెంలో ఆన్‌రాక్ శుద్ధి కర్మాగారం లేచింది. కొండ తవ్వితే ఊటలు ఎండిపోతాయని, తోటలు పోతాయని మన్యం జనం ఏళ్ల తరబడి ఎదురు నిలిచారు. చివరికి 2019లో ప్రభుత్వం తవ్వకాల అనుమతులను రద్దు చేసింది.

కాఫీ, బాక్సైట్ రెండింటిలోనూ వచ్చింది బయటి డబ్బే. తేడా అంతా భూమి ఎవరి చేతిలో ఉందన్న దగ్గరే. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పరం కాకుండా 1/70 చట్టం కాపాడింది. అక్కడ ప్రైవేటు గనుల లీజులు చెల్లవని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ రక్షణే లేకపోతే కాఫీ తోటలు కూడా ఏదో ఒక బడా కంపెనీ ఎస్టేట్లు అయ్యేవి, ఆదివాసీలు వాటిలో కూలీలయ్యేవారు. భూమి నిలిచింది కాబట్టే డానోన్ వంటి ఫ్రెంచి కంపెనీల సొమ్ముతో నడిచే లైవ్లీహుడ్స్ ఫండ్ రైతుల పొలాల్లోనే లక్షలాది మొక్కలు నాటించింది. కంపెనీలకు కార్బన్ క్రెడిట్లు, రైతులకు చెట్లు.

అలాగని అంతా బాగుందనలేం. అరబికా ధర నిర్ణయమయ్యేది న్యూయార్క్ మార్కెట్‌లో. బ్రెజిల్‌లో కరవు వచ్చి 2025 ఫిబ్రవరిలో ఆ ధర రికార్డుకెక్కింది. అందులో రైతుకు దక్కేదెంతన్నది కొనేవాళ్లను బట్టి ఉంటుంది. గిరిజన సహకార సంస్థ (జీసీసీ)కో సహకార సంఘానికో అమ్మితే ఒక లెక్క. ముందే అప్పిచ్చిన షావుకారుకు అమ్మక తప్పకపోతే మరో లెక్క.

2023లో ఐరోపా సమాఖ్య కొత్త చట్టం తెచ్చింది. 2020 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీని అక్కడ అమ్మనివ్వరు. ఏ తోటలో పండిందో అక్షాంశ రేఖాంశాలతో సహా చూపాలి. అమలు వాయిదా పడుతోంది కానీ, రాక తప్పేలా లేదు. పెద్ద ఎస్టేట్లకు ఇది చిన్న పనే. పోడు భూమికి కాగితమే లేని రైతు ఏం చూపిస్తాడు? 2006 అటవీ హక్కుల చట్టం కింద రావలసిన పట్టాలు, తోటల సర్వే వివరాలు ప్రభుత్వం ముందుగా ఈ రైతుల చేతికివ్వాలి. పెట్టుబడుల సదస్సులు ఆ తర్వాత పెట్టుకోవచ్చు.