లారీ దూరమాపక, వేగమాపకాలు: దోషకారణాలు, సవరణ విధానం – నగరి రహదారి నేపథ్యం

వ్యాససంగ్రహం:
లారీలోని దూరమాపకం దూరాన్ని నేరుగా కొలవదు. తిరిగే భాగం చుట్లను లెక్కించి, ముందుగా నిర్ణయించిన స్థిరాంకంతో దూరంగా మార్చి చూపుతుంది. టైర్లు గాని, వెనుక ఇరుసులోని పళ్లచక్రాలు గాని మారినప్పుడు ఆ స్థిరాంకం మారకపోతే లెక్క తప్పుతుంది. ఆ తప్పు డీజిలు పద్దులోనూ, డ్రైవరు నిజాయితీ మీదనూ, వేగ నియంత్రణలోనూ ప్రతిఫలిస్తుంది. దోషాన్ని గుర్తించే పద్ధతిని, సక్రమమైన సవరణకూ అంకెలను మార్చే మోసానికీ గల భేదాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఓడోమీటరు, స్పీడోమీటరు, నగరి, లారీ, స్థిరాంకం, క్రౌన్ పినియన్.

1. ప్రవేశిక:
చెన్నై–తిరుపతి జాతీయ రహదారిపై తిరుత్తణి, పుత్తూరుల నడుమ ఉన్న నగరి మరమగ్గాల పట్టణం. ఇక్కడికి నూలు రావాలన్నా, ఇక్కడి నుంచి గుడ్డ పోవాలన్నా లారీయే ఆధారం. మగ్గంపై గుడ్డ ఎంత నేశారో, రోడ్డుపై లారీ ఎంత నడిచిందో చెప్పే అంకెలను బట్టే కూలీ, బత్తా, ఖర్చు తేలుతాయి. కనుక కొలిచే సాధనం సరిగా ఉండడం సాంకేతిక విషయం మాత్రమే కాదు, జీవనోపాధికి సంబంధించిన విషయం కూడా.

తెలుగులో ‘మీటరు’ అనే మాట కొలత ప్రమాణానికీ, కొలిచే సాధనానికీ వాడుకలో ఉన్నది. ఈ వ్యాసంలో అది సాధనం అనే అర్థంలోనే ప్రయుక్తమైంది.

2. మీటరు లెక్కించేది ఏమిటి?
చక్రం చుట్లతో దూరాన్ని లెక్కించడం ప్రాచీనమైన ఆలోచన. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ వర్ణించిన బండిలో చక్రం 400 సార్లు తిరిగితే ఒక రోమన్ మైలు, అనగా 5000 అడుగులు, పూర్తయినట్లు ఒక గులకరాయి పాత్రలో పడుతుంది. చక్రం చుట్టుకొలత 12.5 అడుగులని ముందే తెలిసి ఉండడమే ఈ లెక్కకు ఆధారం. చక్రం చిన్నదైతే మైలు పూర్తి కాకుండానే రాయి పడుతుంది.

నేటి లారీలోనూ సూత్రం ఇదే. సాధారణంగా గేరుబాక్సు చివర, ప్రొపెల్లర్ షాఫ్టు మొదలయ్యే చోట చుట్లు లెక్కకు వస్తాయి. పాత లారీలలో అక్కడి నుంచి ఒక కేబులు మీటరును తిప్పేది. 1902లో జర్మనీకి చెందిన ఒట్టో షుల్జే పేటెంటు పొందిన అయస్కాంత పద్ధతి వేగాన్ని ముల్లుతో చూపింది. కొత్త లారీలలో సెన్సారు పంపే విద్యుత్ స్పందనలను మీటరు లెక్కిస్తుంది. కిలోమీటరుకు ఎన్ని స్పందనలనేదే దాని స్థిరాంకం. ట్రైలరు లారీలో ఈ లెక్క ముందున్న ఇంజను బండిదే. ట్రైలరు టైర్ల పరిమాణం మీటరు లెక్కను మార్చదు.

3. దోషకారణాలు:
3.1 టైర్లు: 295/80 ఆర్ 22.5 అనే టైరు వ్యాసం లెక్క ప్రకారం సుమారు 1044 మిల్లీమీటర్లు. ట్రెడ్డు 14 మిల్లీమీటర్లు అరిగితే వ్యాసం 28 మిల్లీమీటర్లు, అనగా 2.7 శాతం మేర తగ్గుతుంది. అప్పుడు 1000 కిలోమీటర్ల ప్రయాణం సుమారు 1028గా నమోదవుతుంది. గాలి తక్కువైనా, బరువు ఎక్కువైనా ఇదే దిశలో కొంత తేడా వస్తుంది.

3.2 క్రౌన్ పినియన్: పెద్ద తేడా ఇక్కడ వస్తుంది. 41 పళ్ల క్రౌనుకు 6 పళ్ల పినియన్ ఉన్న ఇరుసును తీసి, 41కి 7 ఉన్నదాన్ని అమర్చారనుకుందాం. అదే దూరానికి షాఫ్టు ఇదివరకటి చుట్లలో ఏడింట ఆరు వంతులే తిరుగుతుంది. మీటరును సవరించకపోతే 700 కిలోమీటర్లు 600గా కనిపిస్తాయి. ఇరుసును ఇందుకు విపర్యయంగా మారిస్తే 600 కిలోమీటర్లు 700 అవుతాయి.

3.3 సెన్సారు, తీగలు: ఇవి చెడితే తేడా ఒకే నిష్పత్తిలో ఉండదు. ముల్లు ఊగుతుంది, ఒక్కొక్కసారి పడిపోతుంది.

4. దోష ఫలితాలు:
లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే లారీ 700 కిలోమీటర్లకు 175 లీటర్లు తాగుతుంది. మీటరు 600 మాత్రమే చూపితే యజమాని లెక్కలో 150 లీటర్లు చాలు. మిగిలిన 25 లీటర్లకు డ్రైవరు జవాబు చెప్పవలసి వస్తుంది. అతడు చుక్క డీజిలు తీయకపోయినా పద్దు అతణ్ణి దొంగగా చూపుతుంది. మీటరు ఎక్కువ చూపినప్పుడు ఇంధనం నిజంగా వృథా అవుతున్నా ఎవరికీ తెలియదు.

భద్రత విషయం ఇంతకన్నా తీవ్రమైనది. కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989లో 117వ నిబంధన స్పీడోమీటరును, 118వ నిబంధన వేగ నియంత్రకాన్ని నిర్దేశిస్తాయి. రవాణా వాహనాలకు సాధారణ పరిమితి గంటకు 80 కిలోమీటర్లు. నియంత్రకం కూడా అదే సెన్సారుపై ఆధారపడి ఉంటే, పై ఉదాహరణలోని లారీ 80 చూపుతూ వాస్తవంగా 93 కిలోమీటర్ల వేగంతో పోతుంది.

5. పరీక్షా విధానం:
అన్ని టైర్లలో నిర్ణీత గాలి నింపి, సాధారణంగా వేసే బరువుతోనే పరీక్షించాలి. పసుపు తల ఉన్న జాతీయ రహదారి కిలోమీటరు రాళ్ల మధ్య 20 కిలోమీటర్లు నడిపి, మొదటి, చివరి అంకెలు రాసుకోవాలి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు, బైపాసులు వేసినప్పుడు రాళ్ల మధ్య దూరం మారే అవకాశం ఉన్నందున జీపీఎస్ దూరంతోనూ పోల్చాలి. తిరుగు ప్రయాణంలో మళ్లీ చూడాలి. వేగాన్ని 40, 60 కిలోమీటర్ల వద్ద నిలకడగా నడుపుతూ విడిగా పరీక్షించాలి. ఆ అంకెలను పక్కన కూర్చున్నవారు చదవాలి గాని డ్రైవరు కాదు.

ఫలితాన్ని మూడు విధాలుగా అన్వయించవచ్చు. దూరం, వేగం రెండూ ఒకే నిష్పత్తిలో తప్పితే దోషం టైరుదో, ఇరుసుదో, స్థిరాంకానిదో. దూరం సరిగా ఉండి వేగం మాత్రమే తప్పితే దోషం ముల్లుది. తేడా నిలకడగా లేకపోతే సెన్సారును, తీగలను చూడాలి. ఐక్యరాజ్యసమితి 39వ వాహన నియమం ప్రకారం స్పీడోమీటరు వాస్తవ వేగం కన్నా తక్కువ చూపరాదు, కొంత ఎక్కువ చూపవచ్చు. కనుక దూరం సరిగా ఉన్నప్పుడు వేగంలో స్వల్పమైన ఆధిక్యం దోషం కాదు.

6. సవరణ విధానం:
20 కిలోమీటర్లకు మీటరు 21.4 చూపిందనుకుందాం. పాత స్థిరాంకాన్ని 21.4తో గుణించి 20తో భాగిస్తే కొత్త స్థిరాంకం వస్తుంది. పాతది 8000 అయితే కొత్తది 8560. ఎలక్ట్రానిక్ లారీలలో ఈ విలువనో, టైరు చుట్టుకొలత, ఇరుసు నిష్పత్తి అనే విలువలనో తయారీ సంస్థ ఉపకరణంతో అధీకృత సర్వీసు కేంద్రంలో మార్పిస్తారు. కేబులు లారీలలో తగిన నిష్పత్తి గల చిన్న గేరును నడుమ అమర్చవలసి ఉంటుంది. టైరు అరుగుదల తేడా కోసం స్థిరాంకాన్ని పదేపదే మార్చనవసరం లేదు. కొత్త, అరిగిన స్థితుల మధ్యస్థ విలువ చాలు.

ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టంగా గ్రహించాలి. స్థిరాంకాన్ని సరిచేయడం రాబోయే లెక్కను సరిచేయడం. ఇప్పటికే నమోదైన అంకెను మార్చడం, వాడుకలో చెప్పాలంటే ‘మీటరు వెనక్కి తిప్పడం’, కొనుగోలుదారును వంచించడం. పాత అంకె తప్పని తెలిసినా దాన్ని అలాగే ఉంచి, సవరణ తేదీ, నాటి అంకె, తేలిన తేడా, కారణం బండి పుస్తకంలో రాసి, పని చేసినవారి బిల్లు జతచేయాలి.

7. ముగింపు:
i. మీటరు చూపేది చుట్ల లెక్క. దాన్ని దూరంగా మార్చేది స్థిరాంకం.
ii. టైరు సైజు, ఇరుసు, గేరుబాక్సులలో ఏది మార్చినా మీటరు పరీక్ష తప్పనిసరి.
iii. డీజిలు తేడా కనిపించినప్పుడు డ్రైవరును నిందించడానికి ముందు 20 కిలోమీటర్ల పరీక్ష జరపాలి. దానికి అరగంట చాలు. పోగొట్టిన నమ్మకం తిరిగి రావడానికి అంత తక్కువ కాలం చాలదు.