మందు పేరు మారినంత మాత్రమున మందు మారునా?

గొర్రెలకు నట్టల మందు త్రాగించుట మీకు క్రొత్త కాదు. "నిరుడు ఒక మందు పోసితిమి, ఈ ఏడు వేరొక మందు కొని పోసితిమి, అయినను దవడ క్రింది వాపు తగ్గలేదు" అని కొందరు చెప్పుచుందురు. అట్టి చోట్ల తరచుగా మారినది సీసాయే గాని మందు కాదు. ఇది ఎట్లో తెలియవలెనన్న మందుల నిర్మాణమును కొంచెము తెలిసికొనవలెను.

ఇంటికి ఇటుకలెట్లో పెక్కు మందులకు రసాయన వలయములట్లు. పరమాణువులు గుండ్రముగా ఒకదానినొకటి పట్టుకొని యున్నచో అది వలయము. అందులో కర్బన పరమాణువులతోపాటు నత్రజని, గంధకము, ఆమ్లజని వంటివి కూడ చేరినచో దానిని హెటిరోసైక్లిక్ సమ్మేళనము అందురు. ఆకుకు పచ్చదనమిచ్చు పత్రహరితములోను, నెత్తురునకు ఎరుపునిచ్చు పదార్థములోను నత్రజని గల ఇట్టి వలయములు నాలుగేసి కలవు. ఇట్టి వలయములు జీవకణములలోని మాంసకృత్తులను పట్టుకొనగలవు. కనుకనే శాస్త్రజ్ఞులు వీనిని పునాదిగా గైకొని, చుట్టును చిన్న చిన్న మార్పులు చేసి, పెక్కు మందులను తయారు చేయుచున్నారు.

బెంజిమిడజోల్ అట్టి పునాది. ఆరు కర్బనముల వలయమునకు, రెండు నత్రజనులు గల అయిదు పరమాణువుల వలయము అతికియుండును. దీనినుండి 1961లో థయాబెండజోల్, తరువాత ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ వచ్చినవి. ఇవన్నియు నట్ట కణములలోని ఒకే మాంసకృత్తిని పట్టుకొనును. నట్ట ఆహారమును గ్రహింపలేక చచ్చును. ఆ మాంసకృత్తి స్వల్పముగా మారిన నట్టలు చావక మిగిలి, సంతతిని పెంచును. 1964 నాటికే థయాబెండజోల్‌కు లొంగని నట్టలు అమెరికాలో కనిపించినవి. ఒక మందుకు లొంగని నట్ట, అదే వలయము గల మరియొక మందుకును సాధారణముగా లొంగదు. వేరుశనగ ఆకుమచ్చ తెగులుపై చల్లు కార్బెండజిమ్ కూడ ఈ కుటుంబములోనిదే. దానినే మరల మరల చల్లినచో శిలీంధ్రములును ఇట్లే మొండికెత్తును.

కావున ఈ జాగ్రత్తలు పాటింపుడు:

1. సీసాపై వ్యాపార నామమును గాక, అసలు మందు పేరును చదువుడు. చివర "బెండజోల్" అని యున్నచో అన్నియు ఒకే కుటుంబమని గుర్తింపుడు.

2. ఆ కుటుంబము పనిచేయనపుడు పేడను పరీక్ష చేయించి, పశువైద్యుని సలహాపై లెవామిజోల్, ఐవర్‌మెక్టిన్ వంటి వేరు కుటుంబపు మందు వాడుడు.

3. జీవమును తూచి మోతాదు నిర్ణయింపుడు. తక్కువ పోసిన నట్టలు మొండివగును. లెవామిజోల్ ఎక్కువైనచో జీవమునకే ప్రమాదము.

4. చూలు కట్టిన మొదటి నెలలో గొర్రెలకు ఆల్బెండజోల్ పోయరాదు. పిల్లలు అవకరముతో పుట్టవచ్చును.

5. మందు పోసిన తరువాత, సీసాపై వ్రాసిన గడువు తీరువరకు ఆ జీవముల పాలు, మాంసము వాడరాదు.

కొనుటకు ముందు ఒక్క నిముసము సీసాపై పేరు చదివినచో మీ డబ్బు, మీ మంద రెండును నిలుచును.