పాత స్పీకరు మళ్లీ నిజం చెప్పాలంటే

యాభై ఏళ్ల కిందటి స్టూడియో స్పీకర్లు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. ఇంట్లో పాటలు వినడానికి వాటిని బాగుచేసుకోవడం ఒక పని. మిక్సింగ్‌కి మానిటర్లుగా నిలబెట్టడం వేరే పని. దానికి ఓపిక ఎక్కువ కావాలి, కొలతలు కూడా కావాలి. ఈ పని మొదలుపెట్టేవాళ్లకి వచ్చే ప్రశ్నలకు ఇవి జవాబులు. ఉదాహరణగా ఎక్కువచోట్ల జెబిఎల్ 4311ని తీసుకున్నాను. దాని లోపలి అమరిక చాలా సాదా. ఏ లోపం ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకోవడం సులువు.

మానిటర్ అంటే మామూలు స్పీకరు కన్నా గొప్పదనా?

కాదు. కంసాలి తాసు అందంగా ఉందా అని ఎవరూ అడగరు, సరిగ్గా తూగుతోందా అనే అడుగుతారు. మానిటర్ సంగతీ అంతే. పాటలో ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు వినిపించాలి. కుడి ఎడమ పెట్టెలు రెండూ ఒకే మాట చెప్పాలి.

ఇంటి స్పీకరుకూ స్టూడియో స్పీకరుకూ మధ్య గోడ మనం అనుకున్నంత ఎత్తుగా లేదు. యమహా ఎన్‌ఎస్-10 1978లో ఇంటి స్పీకరుగానే వచ్చింది. మూసిన పెట్టె కావడంతో దాని ధ్వని త్వరగా ఆగిపోతుంది, తప్పులు దాగవు. ఇంజనీర్లు దాన్ని కన్సోల్ మీదికి ఎక్కించారు. వూఫర్ కోన్‌కి కావలసిన గుజ్జు దొరకక 2001లో తయారీ ఆగిపోయేవరకు అది స్టూడియోల్లో కొలబద్దలా నడిచింది. జెబిఎల్‌ది దీనికి ఎదురు దారి. 4310 స్టూడియోల కోసం పుట్టింది, దాని ఇంటి రూపమే 1970లో వచ్చిన ఎల్-100. కాబట్టి పాత స్పీకరు మీద ఏ పేరుందన్నది పెద్ద విషయం కాదు. ఇప్పుడు అది నిజం చెబుతోందా అన్నదే చూడాలి.

4311 లోపల ఏముంది? బాగుచేసేవాళ్లకి అది ఎందుకు తెలియాలి?

తెల్లటి పూత వేసిన 12 అంగుళాల వూఫర్, 5 అంగుళాల మిడ్, ఇంచుమించు ఒకటిన్నర అంగుళం కాగితపు కోన్ ఉన్న ట్వీటర్, అంతే. వూఫర్ పైన, ట్వీటర్ కింద ఉంటాయి. గోడ మీద ఎత్తుగా పెట్టినప్పుడు ట్వీటరు చెవికి దగ్గరగా ఉండాలని ఆ అమరిక.

వూఫర్, మిడ్, ట్వీటర్‌లకు స్వరాలను పంచే క్రాస్‌ఓవర్‌లో ముఖ్యంగా ఉన్నవి రెండు కెపాసిటర్లు, రెండు నాబ్‌లు. వూఫర్‌కి అసలు ఫిల్టరే లేదు. పై స్వరాల్లో దాని కాయిల్, కోన్ సహజంగానే తగ్గిపోతాయి. ఆ తగ్గుదలనే డిజైనర్ క్రాస్‌ఓవర్‌గా వాడుకున్నాడు. ఇది గుర్తుంచుకోవాలి. ఆ వూఫర్‌ని తీసేసి బజారులో దొరికే మరో 12 అంగుళాలది బిగిస్తే మారేది వూఫర్ ఒక్కటే కాదు, క్రాస్‌ఓవర్ కూడా మారిపోయినట్టే.

కొనేముందు ఏం చూడాలి?

మొదట మల్టీమీటర్. 8 ఓమ్‌ల స్పీకరు కాయిల్ మామూలుగా 6 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. అసలేమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టు. తర్వాత కోన్‌ని రెండు బొటనవేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గరగరమంటే కాయిల్ రాసుకుంటోంది.

ఆపైన వూఫర్, మిడ్, ట్వీటర్ వెనక ఉన్న నంబర్లు రెండు పెట్టెల్లోనూ ఒకటేనా అని చూడండి. ఎవరో ఒకవైపు ట్వీటర్ మార్చి ఉంటే బయటికి కనిపించదు, మిక్స్‌లో మాత్రం బయటపడుతుంది. పెట్టె మెరుపు, గీతలు ఆఖర్న చూసుకోవచ్చు.

కొన్ని స్పీకర్ల అంచు ఎందుకు పొడిపొడిగా రాలిపోతుంది?

కోన్ చుట్టూ ఉండే మెత్తటి అంచు కొన్నింటికి ఫోమ్, కొన్నింటికి రబ్బరు, కొన్నింటికి జిగురు పూసిన గుడ్డ. ఫోమ్ అంటే పాలీయురేథేన్. గాలిలోని తేమ దాని అణువుల గొలుసును నెమ్మదిగా తెంపేస్తుంది. ఎండ, ఓజోన్ ఆ పని ఇంకా తొందరగా చేస్తాయి. స్పీకరు వాడకుండా మూల పెట్టినా అది ఆగదు. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి సముద్ర తీరపు ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

4311 వూఫర్‌ది గుడ్డ అంచు కాబట్టి ఇన్నేళ్ల తర్వాత కూడా చాలావరకు నిలిచే ఉంటుంది. అదే సంస్థ పెద్ద మానిటర్ 4343లోని 15 అంగుళాల 2231ఎ వూఫర్‌ది ఫోమ్ అంచు. అది తప్పకుండా మార్చవలసిందే.

ఫోమ్ అంచు ఎలా మార్చాలి?

పాత ఫోమునీ జిగురునీ పూర్తిగా తీయాలి. కోన్ కాగితం కాబట్టి ద్రావకాన్ని గుడ్డ ముక్కకి అద్ది వాడాలి, నేరుగా పోయకూడదు. కొత్త అంచును ముందు కోన్‌కి అంటించి ఆరనివ్వాలి. తర్వాత లోహపు చట్రానికి అంటించాలి.

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. అయస్కాంతం మధ్య సన్నటి సందులో కాయిల్ ఏ పక్కకీ తగలకుండా నిలవాలి. దానికి రెండు దారులున్నాయి. మధ్యలోని డస్ట్ క్యాప్ విప్పి, కాయిల్ చుట్టూ పల్చటి ప్లాస్టిక్ పట్టీలు దూర్చి జిగురు ఆరేదాకా ఉంచడం ఒకటి. 20, 30 హెర్ట్జ్‌ల మెల్లటి శబ్దం ఇస్తూ, గరగర వినపడని చోట కోన్‌ని నిలిపి అంటించడం మరొకటి. ఓపిక ఉంటే మొదటిదే నమ్మకం. రాత్రంతా ఆరనివ్వండి.

ఏ ఫోమ్ పడితే ఆ ఫోమ్ పనికిరాదు. అంచు బిగువు మారితే వూఫర్ సహజ కంపన స్థానం మారుతుంది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ చేసిన పరిశోధనలు పెట్టె పరిమాణం, పోర్టు, వూఫర్ లెక్కలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయో సూత్రాల్లో చూపించాయి. 2231ఎ కంపన స్థానం 16 హెర్ట్జ్‌లని తయారీదారు ఇచ్చారు. కొత్త అంచు కాస్త వాడి సాగాక కూడా అది 25కి పోతే ఆ ఫోమ్ గట్టిది. పెట్టెలో బాస్ అసలు రూపంలో రాదు.

మైకు సెట్ల దగ్గర స్పీకర్లు బాగుచేసేవాళ్లతో కోన్ మార్పించుకోవచ్చా?

వాళ్ల చేతిలో పనితనం ఉంది. కాయిల్ మధ్యకి తేవడం చాలామందికి బాగా తెలుసు. కానీ ఊరేగింపు స్పీకరుకు గట్టిగా మోగడం ముఖ్యం, మానిటర్‌కి అసలు కోన్ బరువు, అసలు కాయిల్ చుట్లు ముఖ్యం. ఆ ముడిసరుకు తయారీదారు కిట్ రూపంలో దొరికితే వాళ్ల చేతికే ఇవ్వండి. దొరకకపోతే కోన్ మార్చకండి. చిన్న చిరుగు ఉంటే పల్చటి కాగితం, పలచన జిగురుతో అతికించి ఆపండి.

కెపాసిటర్లు మార్చాలా?

ముందు కొలవాలి. ఆ కాలపు చాలా క్రాస్‌ఓవర్లలో ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉండేవి. లోపలి ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. లోపలి నిరోధం పెరిగితే ట్వీటర్‌కి అందే శక్తి తగ్గుతుంది. రెండువైపులా ఒకేలా ఎండిపోవు కూడా. అందువల్లే ఒక పెట్టె మొద్దుగా, ఇంకొకటి పదునుగా వినిపిస్తుంది.

ఇప్పుడు ఫిల్మ్ కెపాసిటర్లు అదే విలువలో దొరుకుతాయి. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఎలెక్ట్రానిక్ విడిభాగాల కొట్లు ఉన్నాయి. అయితే ఫిల్మ్ రకానికి లోపలి నిరోధం చాలా తక్కువ. డిజైనర్ లెక్కలో పాత రకం నిరోధం కూడా కలిసి ఉంటే, కొత్తది పెట్టాక పై స్వరాలు ఎక్కువవుతాయి. చిన్న రెసిస్టర్ వరుసలో కలిపితే సరిపోతుంది. ధర ఎక్కువైనంత మాత్రాన మంచి కెపాసిటర్ అయిపోదు. రెండు పెట్టెల్లో విలువ ఒకటేగా ఉండటం అంతకన్నా ముఖ్యం.

నాబ్‌లు తిప్పితే బరబరమంటున్నాయి, ఏం చేయాలి?

4311 ముందు భాగంలో మిడ్‌కీ ట్వీటర్‌కీ రెండు నాబ్‌లున్నాయి. లోపల తీగ చుట్టిన నిరోధం మీద ఒక పలక జారుతుంది. ఏళ్ల తరబడి తిప్పకపోతే ఆ తాకే చోట తుప్పులాంటి పొర కడుతుంది. ఒక్కోసారి ట్వీటర్ పూర్తిగా మూగబోతుంది. దాన్ని చూసి ట్వీటర్ కాలిపోయిందని పారేసినవాళ్లు ఉన్నారు. కాంటాక్ట్ క్లీనర్ వేసి ఇరవై, ముప్ఫైసార్లు తిప్పితే చాలావాటికి ప్రాణం వస్తుంది. మానిటర్‌గా వాడాలంటే ఇంకో మెట్టు ముందుకెళ్లడం మేలు. కొలతతో సరైన స్థానం తేల్చుకుని, ఆ విలువకి స్థిరమైన రెసిస్టర్లు పెట్టేయండి. తీసినవి భద్రంగా దాచండి.

ప్లస్, మైనస్ ఎందుకు పట్టించుకోవాలి?

ఒక పెట్టెలో వైర్లు తారుమారైతే రెండు వూఫర్లు ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ కదులుతాయి. బాస్ మాయమవుతుంది, మధ్యలో ఉండాల్సిన గొంతు చెల్లాచెదురవుతుంది. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని రెండు పెట్టెల వూఫర్లకీ ఒకేలా క్షణం తాకించి, కోన్‌లు ఒకే వైపు కదులుతున్నాయా అని చూడండి. ట్వీటర్‌కి మాత్రం బ్యాటరీ తాకించకండి.

ఆ కాలపు జెబిఎల్ స్పీకర్లలో ఒక విశేషం ఉంది. ఎర్ర టెర్మినల్‌కి ప్లస్ ఇస్తే కోన్ లోపలికి పోతుంది. ఇది లోపం కాదు, అప్పటి వారి పద్ధతి. 4311 జతకి పక్కన ఇప్పటి సబ్‌వూఫర్ కలిపేటప్పుడు ఈ ఒక్క సంగతి తెలియకపోతే చాలా కాలం చికాకుపడవలసి వస్తుంది.

అయస్కాంతం పాతబడుతుందా?

అల్నికో అయితే పాతబడవచ్చు. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన ఆ లోహం మంచి బలం ఇస్తుంది. గట్టిగా కింద పడినా, భారీ కరెంటు పోసినా కొంత బలం కోల్పోతుంది. బలం తగ్గితే స్పీకరు శబ్దం తగ్గుతుంది, బాస్ వదులుగా ఊగుతుంది. మళ్లీ అయస్కాంతీకరించేవాళ్లు ఉన్నారు.

1978లో కోబాల్ట్ గనులున్న జైర్‌ (ఇప్పటి కాంగో)లోని షాబా ప్రాంతంలో యుద్ధం రావడంతో కోబాల్ట్ ధర ఆకాశానికి ఎగసింది. స్పీకర్ల తయారీదారులు ఫెరైట్‌కి మారారు. అందుకే ఒకే పేరున్న మోడళ్లలోనూ ముందటివి, తర్వాతవి రెండు రకాల అయస్కాంతాలతో కనిపిస్తాయి. ఒక జతలో ఆ రెండింటినీ కలపకండి.

రెండూ ఒకటేనని ఎలా రుజువు చేయాలి?

కొలత మైకు ఒకటి, రూమ్ ఈక్యూ విజార్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. గది ప్రభావం కొలతని గజిబిజి చేస్తుందని భయపడనక్కర్లేదు. మైకుని కదపకుండా ఉంచి, మొదటి పెట్టెని ఒక చోట పెట్టి కొలవండి. నేల మీద పెన్సిలుతో గుర్తు గీసి, అచ్చంగా అక్కడే రెండో పెట్టె పెట్టి కొలవండి. గది రెండిటికీ ఒకటే కాబట్టి తేడా కనిపిస్తే అది పెట్టెలదే. ఎక్కువ చోట్ల 1 డెసిబెల్ లోపు కలిస్తే మంచి జత. ఒక్కచోట విడిపోతే ఆ స్వరం వూఫర్, మిడ్, ట్వీటర్‌లలో దేనిదో తెలుస్తుంది. వెతకవలసిన చోటు అదే.

ఈ కొలత పని మొదలుపెట్టే ముందూ తీసి ఉంచుకోవాలి, ఒక్కో మార్పు తర్వాతా తీయాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఎప్పటికీ తెలియదు.

పని పూర్తయిందని ఎప్పుడు అనుకోవాలి?

ఒక పాటని మోనోలో వేసి రెండు స్పీకర్ల మధ్య కూర్చోండి. గొంతు సరిగ్గా నడిమధ్య, కదలకుండా నిలవాలి. పై స్వరానికి ఒకవైపు, కింది స్వరానికి మరోవైపు జరిగితే పని ఇంకా మిగిలింది. నిలిస్తే, మీరు ఏళ్లుగా వింటున్న పాటలన్నీ ఈ స్పీకర్లలో మళ్లీ వినండి. వాటి స్వభావం మీ చెవికి అలవాటు కావాలి. తర్వాత ఒక మిక్స్ చేసి కారులో, ఫోన్‌లో, పక్కింట్లో వినండి. అక్కడ బాస్ ఎక్కువైతే మీ స్పీకరు బాస్ తక్కువ చెబుతోందని అర్థం. ఆ తేడా ప్రతిసారీ ఒకేలా ఉంటే దాన్ని మీరు నేర్చుకోగలరు, ఆ స్పీకరుతో పని చేయగలరు. ఒక్కోసారి ఒక్కోలా ఉంటే మాత్రం విప్పి మళ్లీ కొలవాల్సిందే. యాభై ఏళ్ల స్పీకరు దగ్గర కొత్తదానికన్నా మంచి ధ్వని ఆశించనక్కర్లేదు. నిలకడ ఆశించవచ్చు. ఆ నిలకడని మళ్లీ తెచ్చిపెట్టడమే ఈ పని.